ఫైరింజన్ ఎవరిది, పోలీస్ స్టేషన్ ఎవరిది: చిన్న పట్టణంలో ఎవరిని ఏం అడగాలి

తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో మా బజారులో ఒక బట్టల కొట్టు అంటుకుంది. షట్టరు కింది సందులోంచి పొగ రావడం మొదట చూసింది పాల వ్యాను కుర్రాడు. అతని కేకలకి పైవాటా వాళ్లు లేచి, పిల్లల్ని చంకనేసుకుని కిందికి దిగారు. వీధంతా పోగైంది. అప్పుడు అందరూ కలిసి మొదట ఫోన్ చేసింది మా వార్డు కౌన్సిలర్‌కి. పాపం ఆయన కట్టుకున్న లుంగీతోనే పరుగెత్తుకొచ్చాడు. మంటలు చూసి, చేతిలో ఉన్న ఫోన్‌తో 101 కొట్టాడు. ఆ పని పాల వ్యాను కుర్రాడు చేసినా, పైవాటా వాళ్లు చేసినా ఏడెనిమిది నిమిషాలు మిగిలేవి. ఆ టెన్షన్‌లో ఎవరికీ తట్టలేదు.

ఫైరింజన్ వచ్చింది. వచ్చి సందు మొదట్లో ఆగిపోయింది. ఒక పక్క పండగకి కట్టి తీయకుండా వదిలేసిన స్వాగత ద్వారం గుంజలు. ఇంకో పక్క రాత్రిళ్లు అక్కడే పెట్టేసే టిఫిను బండి. మధ్యలో వరసగా బైకులు. సిబ్బంది బండిని అక్కడే నిలిపి హోసులు విప్పడం మొదలుపెట్టారు. ఒక్కో హోసు 15 మీటర్లు ఉంటుంది. ఒకదాని చివర ఇంకోటి తగిలిస్తూ ఏడు ముక్కలు కలిపితే గాని కొట్టు దాకా అందలేదు. చివర బ్రాంచి, అంటే నీళ్లు చిమ్మే మూతి, పట్టుకున్నాయన "నీళ్లు వదులు" అని అరిస్తే పంపు దగ్గరున్న డ్రైవర్‌కి వినపడలేదు. మధ్యలో మా పక్కింటి కుర్రాడు నిలబడి ఆ మాట అందించాడు. హోసులోకి నీళ్లు ఎక్కుతుంటే అది పాములా మెలికలు తిరిగి గట్టిపడటం, వీధి దీపాలు ఆర్పేసిన చీకట్లో బ్రాంచి పట్టుకున్న ఇద్దరూ ఆ ఒత్తిడికి వెనక్కి తూలడం, ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి.

మనుషులకి ఏమీ కాలేదు. కొట్టు మొత్తం పోయింది, పక్క కొట్టు సగం పోయింది. మర్నాడు టీ కొట్టు దగ్గర అందరూ గవర్నమెంటుని తిట్టారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. కాని ఆ రాత్రి ఆ సందులో ఉన్నది ఒక్క గవర్నమెంటు కాదు. మంట ఆర్పినవాళ్లది ఒక శాఖ. జనాన్ని వెనక్కి నెట్టినవాళ్లది ఇంకో శాఖ. స్వాగత ద్వారాన్ని, టిఫిను బండిని వదిలేసింది మున్సిపాలిటీ. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పీకడానికి లైన్‌మన్‌ని పంపాల్సింది కరెంటు కంపెనీ. ఈ నలుగురూ నాలుగు వేర్వేరు గొలుసుల చివర వేలాడుతున్న మనుషులు. ఆ నాలుగు గొలుసులూ మన ఊళ్లో ఎక్కడా కలవవు. ఇది అర్థం కాకపోతే మనం తిట్టేది ఒకళ్లనీ, అడగాల్సింది ఇంకొకళ్లనీ అవుతుంది.

ఊరు ఒకటే, పద్దులు వేరు

ముందు పోలీసుల సంగతి. రాజ్యాంగంలోని ఏడో షెడ్యూల్లో రాష్ట్ర జాబితా ఉంటుంది. అందులో మొదటి అంశం శాంతి భద్రతలు, రెండోది పోలీసు. కాబట్టి పట్టణం ఎంత చిన్నదైనా, పెద్దదైనా పోలీసు రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది. వన్‌టౌన్ సీఐకి పైన డీఎస్పీ, ఆయన పైన ఎస్పీ, అక్కడి నుంచి రేంజ్ ఐజీ లేదా డీఐజీ, చివర డీజీపీ. ఈ మెట్లలో ఎక్కడా మున్సిపల్ ఛైర్‌పర్సన్ గాని, మేయర్ గాని లేరు. ఊళ్లో ఒక కానిస్టేబుల్‌ని ఒక కూడలి నుంచి ఇంకో కూడలికి మార్చే అధికారం కూడా కౌన్సిల్‌కి లేదు. ట్రాఫిక్ చలానా కింద మన దగ్గర వసూలైన డబ్బు రాష్ట్ర ఖజానాకి పోతుంది. ఆ కూడలిలో సిగ్నల్ స్తంభానికీ, గీతలకీ ఖర్చు పెట్టాల్సింది మాత్రం చాలాసార్లు మున్సిపాలిటీయే.

ఫైర్ సంగతి ఇంకాస్త చిక్కు. 74వ రాజ్యాంగ సవరణ 1992లో జరిగి, 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో చేరిన పన్నెండో షెడ్యూల్లో మున్సిపాలిటీలకి అప్పగించదగిన 18 పనుల జాబితా ఉంది. అందులో ఏడోది అగ్నిమాపక సేవలు. ఇది చదివినవాళ్లు ఫైర్ స్టేషన్ మున్సిపాలిటీదే కదా అనుకుంటారు. కాని రాజ్యాంగం "అప్పగించవచ్చు" అంది గాని "అప్పగించాలి" అనలేదు. ఆ ఒక్క మాట దగ్గరే దేశం రెండుగా చీలింది. మహారాష్ట్ర, గుజరాత్‌లలో ఫైర్ బ్రిగేడ్లు ఎక్కువగా నగరపాలక సంస్థల కిందే నడుస్తాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో, తమిళనాడు, కర్ణాటక, కేరళల్లో అది రాష్ట్ర ప్రభుత్వ శాఖ. మనకి ఆధారం 1999 నాటి ఆంధ్రప్రదేశ్ ఫైర్ సర్వీస్ చట్టం. విడిపోయాక తెలంగాణ కూడా దాన్నే తనకి అన్వయించుకుంది. స్టేషన్ ఫైర్ ఆఫీసర్ పైన జిల్లా ఫైర్ ఆఫీసర్, అక్కడి నుంచి మెట్లు ఎక్కుతూ పోతే డైరెక్టర్ జనరల్. ఆ పైన హోం శాఖ.

అంటే పోలీసు, ఫైరు రెండూ పైకి వెళ్లాక ఒకే హోం శాఖలో కలుస్తాయి. కింద మన ఊళ్లో మాత్రం ఎవరి దారి వారిది. మనం ఓటేసి గెలిపించుకున్న కౌన్సిల్ చేతిలో మిగిలినవి రోడ్డు, నీళ్లు, ఇంటి ప్లాను, వ్యాపార లైసెన్సు. చూడటానికి ఇవి చిన్నవి. మంట వచ్చిన రోజు బతుకూ చావూ తేల్చేవి ఎక్కువగా ఇవే. ఆ మాటకి మళ్లీ వస్తాను.

పన్ను విషయంలోనూ ఒక అపోహ ఉంది. "ఇంటి పన్ను కడుతున్నాం, ఫైరింజన్ ఆలస్యంగా పంపుతారా" అని మా బజారులో ఒక పెద్దాయన మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి గట్టిగా అడిగాడు. 1965 నాటి మున్సిపాలిటీల చట్టంలో ఆస్తి పన్నుని సాధారణ అవసరాలు, నీరు-డ్రైనేజీ, వీధి దీపాలు, పారిశుధ్యం అని విడదీసి చూపారు. ఫైర్ స్టేషన్ జీతాలు, డీజిలు అందులోంచి రావు. అవి రాష్ట్ర బడ్జెట్ నుంచి వస్తాయి. కొత్త స్టేషన్ కావాలన్నా, ఉన్న స్టేషన్‌కి ఇంకో బండి కావాలన్నా అడగాల్సింది ఎమ్మెల్యేని, జిల్లా ఫైర్ ఆఫీసర్‌ని. పదిహేనో ఆర్థిక సంఘం ఫైర్ సర్వీసుల విస్తరణకీ, ఆధునికీకరణకీ దేశం మొత్తానికి 5,000 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. కేంద్రం 2023లో ఆ పథకాన్ని మొదలుపెట్టింది. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలు తప్ప మిగతావి ఖర్చులో 25 శాతం తమ వాటాగా పెట్టుకోవాలి. మన జిల్లాకి అందులో ఏం వచ్చిందని అడిగే హక్కు మనకుంది. ఆ ప్రశ్న మున్సిపల్ కౌన్సిల్ మీటింగులో లేస్తే జవాబు దొరకదు.

ఇద్దరు కమిషనర్లు

కమిషనర్ అన్న మాట కూడా జనాన్ని తికమక పెడుతుంది. మున్సిపల్ కమిషనర్ వేరు, పోలీస్ కమిషనర్ వేరు. మొదటాయన ప్రతి మున్సిపాలిటీలో ఉంటారు. రెండో ఆయన అన్ని ఊళ్లలో ఉండరు. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం, విజయవాడలకి 1983లో పోలీస్ కమిషనరేట్లు వచ్చాయి. ఆరున్నర లక్షల మందికి పైగా ఉన్న గుంటూరుకి లేదు, అక్కడ ఎస్పీయే. తెలంగాణలో 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మం, రామగుండంతో పాటు సిద్దిపేట కూడా కమిషనరేట్ అయింది. 2011 జనాభా లెక్కల్లో సిద్దిపేట పట్టణ జనాభా లక్ష పైచిలుకు. కాబట్టి ఊరి పరిమాణం చూసి ఎవరుంటారో చెప్పలేం.

తేడా పేరులోనే కాదు. ఎస్పీ ఉన్న చోట ఊరేగింపు ఆపాలన్నా, జనం గుమిగూడకుండా ఉత్తర్వు ఇవ్వాలన్నా ఆ అధికారం కలెక్టర్, ఆర్డీవో లాంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లది. మనం 144 సెక్షన్ అని పిలుచుకునేది ఇప్పుడు పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163. పోలీస్ కమిషనర్ ఉన్న చోట ఆ మేజిస్ట్రేట్ అధికారం ఆయనకే ఉంటుంది. ఒకే చేతిలో ఉంటే పని త్వరగా అవుతుంది, నిజమే. కాని ఇంకో కన్ను చూసి "ఇది అవసరమా" అని అడిగే అవకాశం పోతుంది. చిన్న పట్టణానికి ఎస్పీ-కలెక్టర్ పద్ధతే మేలని నా అభిప్రాయం. కొట్లాటలు రోజూ జరిగే ఊరు కాదు మనది. జరిగినప్పుడు రెండు శాఖలు కూర్చుని మాట్లాడుకుని నిర్ణయం తీసుకుంటే మంచిదే.

ఒక బండి, 4,500 లీటర్లు

చిన్న పట్టణంలో ఫైర్ స్టేషన్ అంటే మామూలుగా ఒకటి. దాని పరిధి పట్టణం ఒక్కటే కాదు, చుట్టుపక్కల మండలాలు కూడా. వేసవి వచ్చిందంటే వరి కోతలైన పొలాల్లో గడ్డివాములు అంటుకుంటాయి. ఇరవై కిలోమీటర్ల దూరంలో గడ్డివాము ఆర్పడానికి బండి వెళ్లిందంటే ఆ రెండు మూడు గంటలూ పట్టణంలో బండి లేనట్టే. అదే సమయంలో ఊళ్లో మంట లేస్తే పక్క పట్టణం స్టేషన్ నుంచి రావాలి. దేశంలో ఫైర్ సర్వీసుల ప్రమాణాలు చూసే స్థాయీ అగ్నిమాపక సలహా మండలి పట్టణాల్లో 5 నుంచి 7 నిమిషాల్లో, పల్లెల్లో 20 నిమిషాల్లో బండి చేరాలంటుంది. పల్లెకి పోయిన బండి పట్టణానికి 5 నిమిషాల్లో రాలేదు. ఇది సిబ్బంది తప్పు కాదు. మా స్టేషన్‌లో బండిని ఎప్పుడూ మూతి రోడ్డు వైపు పెట్టి నిలుపుతారు. గంట మోగితే వెనక్కి తీసే పని లేకుండా. బూట్లు బండి పక్కనే ఉంటాయి. స్టేషన్ లోంచి బయటపడటంలో వాళ్లు క్షణం వృథా చేయరు. ఆలస్యమంతా గేటు దాటాకే.

ఇక నీళ్లు. మామూలు వాటర్ టెండర్‌లో, అంటే నీళ్ల ట్యాంకు ఉన్న ఫైరింజన్‌లో, 4,500 లీటర్లు పడతాయి. వినడానికి చాలా అనిపిస్తుంది. ఒక్కో బ్రాంచి నిమిషానికి దాదాపు 400 లీటర్లు వదులుతోందనుకుంటే, రెండు బ్రాంచిలు తెరిచిన ఐదారు నిమిషాలకి ట్యాంకు ఖాళీ. మా బట్టల కొట్టు మంట గంటన్నర మండింది. మరి మిగతా గంట పైన నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? మున్సిపాలిటీ తాగునీటి ట్యాంకర్లు వచ్చాయి. మాది కృష్ణా డెల్టాలో కాలువ పక్కన ఉన్న పట్టణం. కాలువలో నీళ్లున్న రోజుల్లో ఫైరింజన్ వంతెన మీద ఆపి గొట్టం కిందికి వదిలి నింపుకుంటుంది. కాని వేసవిలో కాలువలు కట్టేస్తారు. మంటలు ఎక్కువగా వచ్చే నెలల్లోనే చేతికందే నీళ్లు ఉండవు. అప్పుడు దిక్కు మున్సిపాలిటీ ఓవర్‌హెడ్ ట్యాంకు ఒక్కటే. దాని కింద ఫైరింజన్ గొట్టానికి సరిపోయే కనెక్షన్ ఉంటే కొన్ని నిమిషాల్లో నిండుతుంది. లేకపోతే మామూలు కుళాయికి పైపు తగిలించి నింపుతూ కూర్చోవాలి. ఆ కనెక్షన్ పెట్టించడం పెద్ద ఖర్చు కాదు. అది మున్సిపాలిటీ పని, దానికి కౌన్సిల్ తీర్మానం చాలు. ఫైర్ స్టేషన్ ఎంత గింజుకున్నా ఆ ట్యాంకు మీద దానికి అధికారం లేదు. కౌన్సిలర్‌ని పట్టుకుని అడగాల్సింది సరిగ్గా ఇలాంటివి.

చట్టం చూడని ఇళ్లు

నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది ఇది. ఫైర్ ఎన్‌వోసీ, అంటే ఫైర్ శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం, అనే మాట అందరికీ తెలుసు. ఏ ప్రమాదం జరిగినా మర్నాడు పేపర్లో "ఎన్‌వోసీ లేదు" అని వస్తుంది. అసలు ఎన్‌వోసీ ఏ భవనాలకి కావాలి? 1999 చట్టం ప్రకారం 15 మీటర్లు దాటిన వాణిజ్య భవనాలకి, 18 మీటర్లు దాటిన నివాస భవనాలకి. ఇంకా స్కూళ్లు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల లాంటి జనం గుమిగూడే చోట్లకి, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా కావాలి. ఇప్పుడు మీ ఊరి మెయిన్ బజారుని కళ్ల ముందుకి తెచ్చుకోండి. కింద కొట్టు, పైన గోడౌను, ఆ పైన ఇల్లు. ఎత్తు పది మీటర్లు. ముందు షట్టరు, పక్కన మూడడుగుల మెట్లు, వెనక దారి లేదు. ఈ భవనానికి ఎన్‌వోసీ అవసరమే లేదు. చిన్న పట్టణంలో వ్యాపారమంతా జరిగేది ఇలాంటి భవనాల్లోనే.

వాటిని చూడాల్సింది మున్సిపల్ టౌన్ ప్లానింగ్. తెలంగాణలో ఆన్‌లైన్‌లో ప్లాను అనుమతి ఇచ్చే బీపాస్ పద్ధతి వచ్చాక 600 చదరపు గజాల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాకా యజమాని సొంత ధ్రువీకరణతోనే వెంటనే అనుమతి వస్తుంది. ఇల్లు కట్టుకునే మామూలు మనిషికి అది గొప్ప ఊరట, ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది. కాని అదే ఇల్లు మూడేళ్ల తర్వాత కింద కొట్టుగా, మధ్యలో ఫోమ్ పరుపుల గోడౌనుగా మారితే ఎవరు చూస్తున్నారు?

2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర జరిగింది గుర్తు చేసుకోండి. కింద దుకాణాలు, పైన ఒకే కుటుంబం. 17 మంది చనిపోయారు, వాళ్లలో 8 మంది పిల్లలు. బయటికి రావడానికి ఉన్నది ఒకే ఇరుకు దారి. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది పోయారు. ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము లేని పట్టణం లేదు. దాని పైన లాడ్జో, కోచింగ్ సెంటరో, లేడీస్ హాస్టలో ఉంటుంది. మహానగరంలో జరిగినవే కదా అని చిన్న ఊరివాళ్లు అనుకోకూడదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో పూరి కప్పున్న స్కూలు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. అది మన తెనాలి, భీమవరం లాంటి ఊరే.

దీనికి మందు ఫైర్ సర్వీసుని మున్సిపాలిటీకి ఇచ్చేయడమే అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోలేను. 2024 మే 25న రాజ్‌కోట్‌లో గేమ్ జోన్ కాలిపోయి 27 మంది చనిపోయారు. అక్కడ ఫైర్ బ్రిగేడ్ నగరపాలక సంస్థదే, భవనాలు చూసేదీ ఆ సంస్థే. అయినా ఆ గేమ్ జోన్‌కి ఫైర్ ఎన్‌వోసీ లేదు. టికెట్లు అమ్ముకోవడానికి పోలీసుల లైసెన్సు మాత్రం ఉంది. ఒక గొడుగు కిందున్న శాఖలు కూడా ఒకరి కాగితం ఒకరు చూసుకోలేదు. పైగా మన మున్సిపాలిటీల్లో చాలావాటికి పారిశుధ్య కార్మికుల జీతాలే నెలనెలా గండం. వాటి నెత్తిన కోట్ల రూపాయల బండ్లు పెడితే వాటి టైర్లు మార్చే దిక్కు కూడా ఉండదు. రాష్ట్ర శాఖగా ఉంటే పేద ఊరికీ, ధనిక ఊరికీ ఒకే శిక్షణ, ఒకే జీతం, పక్క జిల్లా నుంచి సాయం వస్తాయి. ఆ లాభాన్ని వదులుకోకూడదు. కావాల్సింది కాగితాలు కలవడం. వ్యాపార లైసెన్సు రెన్యువల్‌కి మున్సిపాలిటీ మనిషి వెళ్లేటప్పుడు స్టేషన్ ఫైర్ ఆఫీసర్ కూడా వెళ్లాలి. 15 మీటర్ల లోపు భవనమైనా మెట్ల కింద గ్యాస్ సిలిండర్లు పెట్టారా, మీటరు బోర్డు మెట్ల దారిలోనే ఉందా, రెండో దారి ఉందా అని చూడాలి.

శాఖలు కలవవు, సాధ్యం కాదు అనేవాళ్లకి దీపావళిని చూపిస్తాను. ఏటా మున్సిపల్ గ్రౌండ్‌లో టపాసుల స్టాళ్లు పెడతారు. వాటికి 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనలున్నాయి. ఒక్కో స్టాలు మధ్య 3 మీటర్లు ఎడం ఉండాలి. ఎదురెదురుగా పెట్టకూడదు. ఒక చోట 50కి మించకూడదు. తాత్కాలిక లైసెన్సు కోసం రెవెన్యూ, పోలీసు, ఫైరు, మున్సిపాలిటీ, కరెంటు వాళ్లు అందరూ ఆ గ్రౌండ్‌కి వస్తారు. టేపు పట్టి కొలుస్తారు, ఇసుక బకెట్లు చూస్తారు, ఫైరింజన్‌ని గేటు దగ్గర నిలుపుతారు. ఇంత చేసినా 2022 అక్టోబర్ 23న విజయవాడ జింఖానా మైదానంలో స్టాళ్లు అంటుకుని ఇద్దరు చనిపోయారు. ఖాళీ మైదానం కాబట్టి అంతటితో ఆగింది. అవే టపాసులు బజారు మధ్య గోడౌనులో ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించలేం. మూడు రోజుల స్టాళ్లకి కలవగలిగిన ఐదు శాఖలు, ఏడాదంతా నడిచే బజారుకి కూడా కలవగలవు.

మంట ఆరాక పోలీస్ స్టేషన్‌లో

కొట్టు కాలిన మనిషి కష్టం మంట ఆరాకే మొదలవుతుంది. మా బట్టల కొట్టు యజమాని నెలరోజులు తిరిగాడు. ఇన్సూరెన్సు వాళ్లకి ఫైర్ స్టేషన్ ఇచ్చే రిపోర్టు కావాలి, పోలీసుల దగ్గర ఫిర్యాదు నమోదైన కాగితం, పంచనామా కావాలి. మంటలు ఎలా వచ్చాయి, ఎంత నష్టం జరిగింది అని అంచనా వేసేది ఫైర్ ఆఫీసర్. ఎవరైనా కావాలని పెట్టారా, నిర్లక్ష్యం ఉందా అని దర్యాప్తు చేసేది పోలీసు. ఈ రెండూ వేర్వేరు అని తెలియక ఆయన మొదటి వారం ఒకరి దగ్గరికే తిరిగాడు. మరో మాట, మంట ఆర్పినందుకు ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర్లేదు. అది ఉచిత సేవ.

ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలన్నది చిన్న ఊళ్లలో ఇంకో తలనొప్పి. వన్‌టౌన్, టూటౌన్ మధ్య సరిహద్దు ఏ మురుగు కాలువో, ఏ రైలు పట్టాలో అయి ఉంటుంది. "ఇది మా లిమిట్స్ కాదు, అటు వెళ్లండి" అనే మాట ఎంతమంది వినలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. తర్వాత సంబంధిత స్టేషన్‌కి పంపుకునే బాధ్యత వాళ్లది. ఆన్‌లైన్‌లో పంపిస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ చేసుకునే వీలుంది. కోర్టు ఆదేశం లేకుండానే పోలీసులు కేసు కట్టగలిగే మిగతా నేరాల్లో సాధారణంగా విషయం తెలియగానే నమోదు చేయాల్సిందేనని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. స్టేషన్‌లో కాదంటే అదే ఫిర్యాదుని రాతపూర్వకంగా, పోస్టులో, ఎస్పీకి పంపొచ్చు. అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ కోర్టు.

స్టేషన్ వైపు నుంచి కూడా చూడాలి. పట్టణంలో ఉన్న కొద్దిమంది సిబ్బందిలోంచే కోర్టు డ్యూటీకి, సమన్లకి, పక్క ఊరి జాతర బందోబస్తుకి, వీఐపీ పర్యటనకి తీస్తారు. రాత్రి బీట్‌కి మిగిలేది బ్లూకోల్ట్స్ అనే గస్తీ బైకు మీద ఇద్దరు, కూడలిలో ఒక హోంగార్డు. ఆ హోంగార్డుకి నెల జీతం కాదు, రోజు లెక్కన భత్యం. ఆ రాత్రి మా సందులో జనాన్ని వెనక్కి నెట్టింది అలాంటి ఒక హోంగార్డే. పేలిపోతుందేమోనని అందరం భయపడుతున్న టీ కొట్టు సిలిండర్ని తనే భుజాన వేసుకుని అవతలకి మోశాడు.

నంబర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఏది గుర్తులేకపోయినా 112 కొట్టండి, పోలీసు, ఫైరు, అంబులెన్సు మూడింటికీ అది పనిచేస్తుంది. 101, 100, 108 ఉండనే ఉన్నాయి. కరెంటుకి 1912. మీ ఫైర్ స్టేషన్ సొంత నంబరు కూడా గోడ మీద రాసి పెట్టుకోండి. ఫోన్లో వీధి పేరు కాదు, బండి డ్రైవర్‌కి తెలిసే గుర్తు చెప్పండి: ఏ గుడి పక్క, ఏ సినిమా హాలు వెనక.

మా బజారు వాళ్లం ఈసారి అందరినీ కలిపి ఒకే అర్జీ పెట్టలేదు. నాలుగు వేర్వేరు కాగితాలు రాశాం. స్వాగత ద్వారం గుంజలు, టిఫిను బండి, ఓవర్‌హెడ్ ట్యాంకు కనెక్షన్ గురించి మున్సిపల్ కమిషనర్‌కి. బైకుల పార్కింగ్ గురించి డీఎస్పీకి. వేలాడే సర్వీసు వైర్ల గురించి కరెంటు ఏఈకి. సందులో ఒకసారి బండి తిప్పి చూపించమని జిల్లా ఫైర్ ఆఫీసర్‌కి. గుంజలు పదిరోజుల్లో పోయాయి. వైర్లు సగం సర్దారు. ట్యాంకు కనెక్షన్ కౌన్సిల్ అజెండాలోకి ఎక్కింది, ఇంకా పైపు రాలేదు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఫైరింజన్ మా సందులోకి వచ్చింది, సైరన్ లేకుండా, మెల్లగా. బండి వెడల్పు దాదాపు రెండున్నర మీటర్లు. స్టేషన్ ఆఫీసర్ ముందు నడుస్తూ, చేత్తో సైగలు చేస్తూ తీసుకొచ్చారు. మిఠాయి కొట్టు మెట్ల దగ్గర ఎడమ పక్క జానెడు, కుడి పక్క అరచేయి పట్టేంత సందు మిగిలింది. మెట్లు ఒక్క అడుగు లోపలికి జరిపితే చాలన్నారు. మిఠాయి కొట్టు ఆయన ఆ మెట్ల వైపే చూస్తూ కాసేపు నిలబడి, మేస్త్రీకి ఫోన్ చేశాడు.